తిట్లు లేని ఉత్తరం

ఫిబ్రవరి 3

అక్కకి,

ఫోను చేయకుండా ఉత్తరమేమిటా అనుకోకు. పోయినసారి చేసినప్పుడు ‘ఈ సంభాషణ రికార్డు అవుతోంది’ అని ఎవరో ఆడగొంతు పలికింది. దాంతో నీ మరదలు చెప్పాలనుకున్న సంగతుల్లో సగం మింగేసింది. డబ్బు మారకం రేటు తేల్చే గదిలో పనిచేసేవాళ్ళ చుట్టాలు ఎగుమతి వ్యాపారంలో ఉంటే ఈ మర్యాద తప్పదని నువ్వే అన్నావు కదా. కాగితం మీదైతే మూడో మనిషి ఉండడు.

విషయానికొస్తాను. పెద్ద దేశం వాళ్ళు మన కళ్ళజోడు ఫ్రేముల మీద ఇరవై ఐదు శాతం సుంకం వేశారు. పేపర్లో నాలుగో పేజీలో వేశారు కానీ నాకు మాత్రం అదే మొదటి పేజీ. ఇన్నాళ్ళూ ఫ్రేము ఒక్కోటి వాళ్ళ డబ్బులో పదికి అమ్ముతున్నాను. వాళ్ళది ఒకటికి మనవి నలభై, ఆ రేటు మీద నాకు నాలుగు వందలొచ్చేది. ఖర్చు మూడు వందల యాభై. ఇప్పుడు కొనేవాడికి సుంకంతో కలిపి పన్నెండున్నర పడుతుంది. వాడేమంటాడంటే, ‘ఎనిమిదికి ఇవ్వు, నాకు మళ్ళీ పదే అవుతుంది, ఏడాదికి ఒప్పందం రాసుకుందాం, నెలాఖరులోగా చెప్పు.’ ఎనిమిదంటే నాకు మూడు వందల ఇరవై. చేసిన ప్రతి ఫ్రేముకీ ముప్పై నష్టం.

అయితే మన సర్కారు మన డబ్బు విలువ తగ్గనిచ్చి, రేటు నలభై నుంచి యాభైకి పోనిస్తే? ఎనిమిదికే నాకు నాలుగు వందలూ వచ్చేస్తాయి. సుంకం వేసినా వేయనట్టే. కాకపోతే ఫ్రేములు కోసే షీట్లు బయటినుంచే రావాలి, వాటికి కట్టేదీ వాళ్ళ డబ్బే. రేటు మారేదుంటే ఏడాదికి సరిపడా ఇప్పుడే కొని పడేయాలి.

నలభై మంది నా మొహం చూస్తున్నారు అక్కా. ఫ్రేములకి పాలిష్ పట్టే తాతయితే రోజూ పొద్దున్నే ‘ఏమైంది బాబూ’ అని అడుగుతాడు. ఆ రేటు పలికే గదిలోనే ఆరేళ్ళుగా కూర్చుంటున్నావు. ఒక్క మాట చెప్పు, అవునా, కాదా?

నీ మీదే ఆశ పెట్టుకున్న
తమ్ముడు


ఫిబ్రవరి 9

ఒరేయ్,

నీ ఉత్తరం చదవడానికి భూతద్దం వెతుక్కోవాల్సి వచ్చింది. కళ్ళజోళ్ళ వ్యాపారి రాత అలా ఉండటం గిరాకీకి మంచిదే అనుకో, కానీ నేను నీ గిరాకీని కాను. రెండో క్లాసులో నీ చేత కాపీ రాయించిన పాపానికి ఇప్పుడు నేనే అనుభవిస్తున్నాను.

కాగితం మీద మూడో మనిషి ఉండడన్నావు. ఉన్నాడు. వ్యాపారం చేసే చుట్టాలకు నేను రాసే ప్రతి ఉత్తరానికీ నకలు తీసి ఫైల్లో పెట్టాలి. నీనుంచి వచ్చినవి కూడా అందులోకే. కాబట్టి నీ ‘ఒక్క మాట’ ఇప్పుడు ఆకుపచ్చ అట్ట మధ్య భద్రంగా ఉంది. బుద్ధుందా నీకు?

మా గది గురించి నీకేవో భ్రమలున్నట్టున్నాయి. పొద్దున ఎనిమిదిన్నరకి ఫోన్లు చెక్క అరల్లో పెట్టి లోపలికి వెళతాం. పది బ్యాంకులు తలా ఒక అంకె చెబుతాయి. పైన రెండు, కింద రెండు తీసేసి మిగతావాటికి సగటు కడతాను. మా పెద్దసారు పెన్సిలు చెక్కుకుంటూ ఆ అంకెను చూస్తాడు. నచ్చితే సరే, నచ్చకపోతే మన నిల్వల్లోంచి వాళ్ళ డబ్బు కొంత అమ్మమనో కొనమనో చెబుతాడు. తొమ్మిదింపావుకి ఆ రోజు రేటు నేను మైకులో చదువుతాను. అంతకు మించి నాకు తెలిసినా చెప్పను, తెలియకపోయినా చెప్పను. ఇంకోసారి అడిగితే ఉత్తరం తిరుగు టపాలో పంపుతాను.

ఒక్కటి మాత్రం అక్కగా చెబుతున్నాను, గదితో దీనికి సంబంధం లేదు. పనిలేని నెలల్లో జీతాలివ్వడానికని నువ్వు విడిగా పెట్టిన సొమ్ము ఉంది చూడు, దాని జోలికి వెళ్ళకు. నీ సంగతి నాకు తెలుసు. చేతిలో సొమ్ముంటే అరచెయ్యి దురద పెడుతుంది నీకు. ఆ పుచ్చిన పన్ను డాక్టరుకి చూపించుకున్నావా? లేదు. నాకు తెలుసు, చూపించుకోలేదు. మొద్దు వెధవా.

అక్క


ఫిబ్రవరి 15

అక్కకి,

తిట్లు అందాయి. లెక్కపెట్టాను, ఏడు. అమ్మ పోయాక ఆ శాఖ నీ చేతిలోకి వచ్చింది కానీ అమ్మ రోజుకి మూడుతో సరిపెట్టేది. ఫైలు చూసేవారికి కూడా నా నమస్కారాలు చెప్పు. వారికి జోడు కావాలంటే తగ్గించి ఇస్తాను.

ఇక నిన్ను ఏమీ అడగను. నా సంగతులే రాస్తాను, అందులో తప్పులేదుగా. మొన్న మంత్రి టీవీలో ‘మన డబ్బు విలువ మార్కెట్టు తేలుస్తుంది, మేం కాదు’ అన్నాడు. మా వీధిలో బూట్ల ఫ్యాక్టరీ ఆయన అది విని పొంగిపోయాడు. ‘మేం కాదు అన్నాడంటే వాళ్ళే, పడనివ్వబోతున్నారు’ అని ఆయన లెక్క. పక్కన తాళాల కంపెనీ ఆయన మాత్రం ‘అలా అన్నాడంటే కదలనివ్వరు’ అంటాడు. ఇద్దరూ ఒకే టీ కొట్టులో ఒకే బెంచీ మీద కూర్చుని ఈ మాటలంటారు. మధ్యలో నేను.

పాలిష్ తాతకి వేలిముద్ర మిషను పనిచేయడం మానేసింది. నలభై ఏళ్ళు గుడ్డచక్రానికి ఫ్రేములు ఆనించి ఆనించి ఆయన వేళ్ళ మీద గీతలే లేవు. మిషను ఆయన్ని రోజూ ‘గైర్హాజరు’ అంటుంది. ఆయన దాని ముందు నిలబడి ‘ఇక్కడే ఉన్నానురా’ అంటాడు. నేను చేత్తో రాసుకుంటున్నాను.

గడువు ఇంకా పదమూడు రోజులుంది. పన్ను చూపించుకోలేదు.

తమ్ముడు


ఫిబ్రవరి 21

తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఈసారి రాత బాగుంది, కుదురుగా రాశావు. తాత సంగతి చదివి నా జోడు తీసి చూసుకున్నాను. ఆయన చేతి కింద తయారైన జోడే నేనిప్పుడు పెట్టుకుని రాస్తున్నాను. పదకొండేళ్ళయినా అంచు ఎక్కడా గరుకు తేలలేదు. నేను అడిగానని ఆయనతో చెప్పు.

మరదలి మోకాలినొప్పి ఎలా ఉంది? మెట్లు ఎక్కువ ఎక్కనివ్వకు. నువ్వు కూడా వేళకి తిను. నాన్న పోయాక నువ్వు చదువు మాని ఆ షెడ్డు తెరిచిన రోజున నేను నిన్ను నానా మాటలూ అన్నాను. ఇన్నేళ్ళలో నలభై ఇళ్ళు నిలబెట్టావు. అది చిన్న పని కాదురా. ఈ మాట ఎప్పుడో చెప్పాల్సింది.

ఇక్కడ అంతా మామూలే. పన్ను వీలున్నప్పుడు చూపించుకో, తొందరేం లేదు. వ్యాపారం సంగతి నీకు తెలియంది కాదు. నీ మనసుకి ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి.

ప్రేమతో,
అక్క


ఫిబ్రవరి 27

అక్కకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇంకేమీ రాయనక్కర్లేదు, నాకు చాలు. నువ్వు చెప్పినట్టే చేశాను. మనసు తేలికపడింది. నీ మరదలు కూడా చాన్నాళ్ళకి నవ్వింది.

నీ ఆకుపచ్చ ఫైలుకి ఇంతకన్నా పని పెట్టను.

రుణపడిన
తమ్ముడు


మార్చి 5

తమ్ముడికి,

హమ్మయ్య. జీతాల సొమ్ము ముట్టుకోలేదన్నమాట. నువ్వు నా మాట వినడం ఇదే మొదటిసారి, తారీఖు రాసి పెట్టుకున్నాను. ఆ సొమ్ము అలా ఉంటే ఎలాంటి గడ్డురోజులొచ్చినా ఆరునెలలు నెట్టుకు రావచ్చు. వాడు ఒప్పందం ఊసెత్తితే ఇంకో నెల గడువడుగు. ఆ మాత్రం బేరమాడటం నీకొచ్చు.

మరదల్ని అడిగానని చెప్పు.

అక్క


మార్చి 14

అక్కకి,

నీ మార్చి ఐదో తారీఖు ఉత్తరం ఇవాళే అందింది. మొన్నటి ప్రకటన దానికంటే ముందే అందింది. రేటు నలభై దగ్గరే ఏడాదిపాటు పట్టుకుని ఉంటారట, ఎంత నిల్వ ఖర్చయినా సరే కదలనివ్వరట. టీ కొట్టులో తాళాల కంపెనీ ఆయన నా భుజం తట్టాడు. ఆయన కొట్టి ఉన్నా నాకు అంత నొప్పి పుట్టేది కాదు.

నేనేం చేశానో ఇప్పుడు విను. ఫిబ్రవరి ఇరవై ఆరున ఎనిమిది చొప్పున పన్నెండు వేల ఫ్రేములకి ఒప్పందం సంతకం పెట్టాను. అదే రోజు జీతాల సొమ్మంతా ఊడ్చి ఏడాదికి సరిపడా షీట్లు కొన్నాను. రేటు యాభై అవుతుందని. ఎవరు చెప్పారు? నువ్వు చెప్పావు.

నాకు బుద్ధి వచ్చిన దగ్గర్నుంచి నువ్వు నన్ను తిట్టని ఉత్తరం ఒక్కటి లేదు. హాస్టల్లో ఉన్నప్పుడు పరీక్ష బాగా రాశానంటే కూడా తిట్టావు. నా పెళ్ళికి పంపిన శుభాకాంక్షల్లో రెండు తిట్లున్నాయి, నీ మరదలు ఇప్పటికీ దాచుకుంది. అలాంటిది ఆ ఫిబ్రవరి ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. పన్ను వీలున్నప్పుడు చూపించుకోమన్నావు! ‘ప్రేమతో’ అన్నావు! అది చదివి నేనూ నీ మరదలూ మొహాలు చూసుకున్నాం. అక్క ఏదో పెద్ద సంగతి నోటిదాకా తెచ్చుకుని ఆపుకుంటోంది, నీ మనసుకి మంచిదనిపించింది చెయ్యమంటోంది, అంటే కానివ్వమనే అనుకున్నాం. మళ్ళీ మార్చిలో ‘నా మాట విన్నావు’ అన్నావు. నువ్వన్నది ఏ మాటో ఇప్పుడు అర్థమైంది.

షీట్లు కట్టలు కట్టలుగా గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి. కిటికీలు మూసుకుపోయాయి. పగలే లైట్లు వేసుకుని పనిచేస్తున్నారు.

నువ్వు తిట్టి ఉంటే బాగుండేది.

తమ్ముడు


మార్చి 20

ఒరేయ్ తమ్ముడూ,

ఇప్పుడంతా పేపర్లో వచ్చేసింది కాబట్టి రాయొచ్చు.

ఫిబ్రవరి ఇరవైన మా గదిలో తేలిపోయింది. పెద్దసారు పెన్సిలు పక్కన పెట్టి అందరికీ టీ చెప్పాడు. తేలినప్పుడే ఆయన టీ చెబుతాడు. మన డబ్బు విలువ పడనిస్తే నీలాంటివాళ్ళు బతుకుతారని అక్కడ అందరికీ తెలుసు. కానీ పడనిస్తే పెద్ద దేశం ‘దొంగదెబ్బ తీశారు’ అని సుంకం రెట్టింపు చేస్తుంది. జనం దాచుకున్నదంతా వాళ్ళ డబ్బులోకి మార్చుకోవడానికి ఎగబడతారు. మందులూ చమురూ ప్రియమవుతాయి. అందుకని రోజూ నిల్వల్లోంచి కొంత అమ్ముతూ నలభై దగ్గర పట్టుకుని, ‘చూడండి, మేం పడనివ్వడం లేదు, ఇక మీరు సుంకం తగ్గించండి’ అని బేరానికి కూర్చున్నారు. ఈలోపు ఎగుమతుల్లో ఎవరెవరు దెబ్బతింటారో ఒక కాగితం మీద వరుసగా ఉంది. నువ్వు చివరి వరుసలో ఉన్నావు, ‘చిన్న పరిశ్రమలు, ఇతరములు’ అన్నచోట. దాన్ని టైపు చేసింది నేనే.

మర్నాడు నీకు రాయడానికి కూర్చున్నాను. ఎప్పటిలాగే మొదలుపెడదామని ‘ఒరేయ్’ అని రాసి కొట్టేశాను. నువ్వు, తాత, ఆ మిషను ముందు ఆయన ‘ఇక్కడే ఉన్నానురా’ అనడం, ఇవే కళ్ళముందున్నాయి. నువ్వు మునిగిపోబోతున్నావని నాకు తెలుసు, నీకు తెలియదు. అలాంటప్పుడు తిట్టడానికి నోరెలా వస్తుంది? జాలేసింది. ఏడుపొచ్చింది. ఆ జాలి నీకు శుభవార్తలా వినపడుతుందని నాకు తట్టలేదు.

నువ్వు ‘చెప్పినట్టే చేశాను’ అంటే జీతాల సొమ్మని సంబరపడ్డ మొద్దుని నేను. పప్పులో కాలేసింది ఇద్దరం.

ఇంకో సంగతి. ఈ ఉత్తరాలన్నీ నేనే మా ఆఫీసు విచారణ కమిటీకి ఇచ్చాను. రహస్యం తెలిసిన మనిషి రాసిన ఉత్తరం చూసి చుట్టం వ్యాపారం చేశాడంటే అది నేరం. నువ్వు పోగొట్టుకున్నా నేరమే అనుకుంటున్నాను. నీ దగ్గరికి ఇద్దరు వస్తారు. దాచకుండా అన్నీ చెప్పు.

నన్ను క్షమించమని అడగను. నా ఉద్యోగమే నన్ను నోరు మూసుకోమంది, మూసుకోవడం కూడా నాకు సరిగ్గా చేతకాలేదు.

అక్క


ఏప్రిల్ 11

అక్కకి,

నీ వాళ్ళిద్దరూ వచ్చి వెళ్ళారు. రెండు రోజులు కూర్చున్నారు. అందులో పొట్టాయన ‘మీ అక్కగారు సాధారణంగా ఎలాంటి తిట్లు తిడతారు?’ అని అడిగి, నేను చెబుతుంటే గంభీరంగా రాసుకున్నాడు. నా పెళ్ళి ఉత్తరం కూడా అడిగి తీసుకున్నాడు, రసీదు ఇచ్చాడు. ఆయన కళ్ళజోడు కాడ ఊగుతుంటే తాత చూడలేక లాక్కుని మర బిగించి ఇచ్చాడు.

పదకొండు మందిని పంపేశాను. ఎవరిని అన్నది నిర్ణయించడానికి వారం పట్టింది. లోపలికి పిలిచి చెప్పడానికి ఒక్కొక్కరికీ ఐదు నిమిషాలే పట్టింది. ఇరవై ఏళ్ళుగా కాడలు బిగించే ఆవిడ తన స్టూలు తనే తీసుకెళ్ళి మూలన పెట్టి వెళ్ళింది. తాత పేరు నా జాబితాలో లేదు. ఆయనే వచ్చి ‘మిషను నేను లేనంటూనే ఉంది కదా బాబూ, దాని మాటే నిజం చెయ్యి, నా బదులు పిల్లలున్న వాడెవడినైనా ఉంచు’ అన్నాడు. ఉంచాను. ఆయన చక్రం మీద గుడ్డ కప్పాం.

నీ మీద కోపం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కానీ సంతకం పెట్టిన చెయ్యి నాదే కదా. ఇరవై ఏళ్ళ వ్యాపారం చేసినవాడు తిట్లు లెక్కపెట్టి పన్నెండు వేల ఫ్రేములకి ఒప్పుకోవడం ఏమిటి?

నీ ఉద్యోగం ఏమయ్యింది?

తమ్ముడు


ఏప్రిల్ 28

తమ్ముడికి,

కమిటీ తేల్చింది. వాళ్ళ మాటల్లోనే రాస్తున్నాను: ‘అధికారి తమ్ముడు, రహస్యం తెలిసిన మనిషి చేయవలసిన దానికి సరిగ్గా వ్యతిరేకంగా చేశాడు. కావున రహస్యం బయటపడలేదు.’ నువ్వు బాగుపడి ఉంటే నా ఉద్యోగం పోయేది, బహుశా జైలు కూడా. నువ్వు దెబ్బతినడమే నా నిజాయితీకి సాక్ష్యమైంది. పెద్దసారు చెయ్యి కలిపి అభినందించాడు. ఆ చేతిని ఏం చేయాలో నాకు తెలియలేదు.

బేరం కూడా కుదిరింది. జూలై నుంచి మీ ఫ్రేముల మీద సుంకం పది శాతానికి దిగుతుంది, మన డబ్బుని కదలనివ్వనందుకు బహుమతి. నువ్వు ఏడాదికి ఎనిమిదని సంతకం పెట్టావు కాబట్టి ఆ లాభం కొనేవాడికే పోతుందని తెలుసు. పేపర్లు దీన్ని విజయమన్నాయి. లెక్క చూస్తే విజయమే.

నేను మాత్రం రేటు గది వదిలేశాను. నేనే అడిగి చిరుగు నోట్ల విభాగానికి మార్పించుకున్నాను. నేల అంతస్తులో పొడుగాటి గది. నలిగినవీ కాలినవీ తడిసినవీ జనం తెస్తారు. సగం కంటే ఎక్కువ మిగిలిన నోటుకి కొత్తది ఇస్తాం. అంతే పని. జీతం తగ్గింది. ఫోను అరలో పెట్టక్కర్లేదు, నకళ్ళు అక్కర్లేదు. ‘ఎందుకమ్మా’ అని పెద్దసారు అడిగాడు. మా తమ్ముడికి ఉత్తరం రాసుకోవాలండీ అన్నాను.

ఎండలు ముదిరాయి. షెడ్డులో ఆ కట్టలు కాస్త జరిపించి ఒక్క కిటికీ అయినా తెరిపించు. మంచినీళ్ళు ఎక్కువ తాగు. తాతని నెలకోసారి చూసి రా, నేను కూడా వచ్చినప్పుడు వెళతాను. నీ కోపం ఉన్నన్నాళ్ళు ఉండనీ. నువ్వు బాగుండాలి నాకు, అంతే.

ప్రేమతో,
అక్క


మే 6

అక్కకి,

నీ ఉత్తరం కిందటి సోమవారం అందింది. మొదటి పేజీలో తిట్లు లేవు. రెండో పేజీ తిప్పాను. మంచినీళ్ళు తాగమని ఉంది, ‘ప్రేమతో’ అని ఉంది. మళ్ళీ ఏం ముంచుకొస్తోందో అనుకుని నీ మరదల్ని కేకేసి, ‘షీట్లు అయినకాడికి అమ్మేద్దామా, ఉంచుదామా, అక్క మళ్ళీ తిట్టలేదు’ అన్నాను.

అది ఉత్తరం తీసుకుని చదివింది. చదివి, ‘మీ అక్క ఇప్పుడు చిరిగిన నోట్ల దగ్గర కూర్చుంటోంది కదండీ. ఆవిడకేం తెలుసు?’ అంది.

అవును కదా. నీకిప్పుడు ఏమీ తెలియదు.

కట్టలు జరిపి రెండు కిటికీలు తెరిపించాను. వెలుతురులో కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివాను, ఈసారి ఉత్తరంలాగే.

పన్ను పీకించుకున్నాను.

తమ్ముడు